నక్షత్రానికి పెట్టిన దిష్టిచుక్క

నన్ను చూడాలంటే ముందుగా మీరు కళ్ళు చికిలించుకోవాలి. నేను ఒక మచ్చను. రూపాయి బిళ్ళంత గుండ్రని గాజుపలక నడిమధ్యన, ఆవగింజలో సగమైనా లేని లోహపు మచ్చను. అద్దం మీద మచ్చ కనబడితే లోకంలో ఎవరైనా గుడ్డ తీసుకుని తుడిచేస్తారు. నన్ను మాత్రం ఎవరూ తుడవకుండా ఒక పెట్టె చేయించారు. పెట్టెకు మూత చేయించారు. మూతకు తాళం వేయించారు. బతుకు మీద మచ్చ పడకూడదని జీవితమంతా తాపత్రయపడే మనుషులు ఒక మచ్చను ఇంత అపురూపంగా దాచుకోవడం చూసి, పుట్టిన కొత్తలో నేను విస్తుపోయాను.

నా పని దాచడం. దూరదర్శినిలో నా తోటివాళ్ళందరూ చూపించేవాళ్ళే. పెద్దద్దం వెలుతురును పోగుచేస్తుంది, చిన్నద్దం దాన్ని మళ్ళిస్తుంది, కటకాలు దాన్ని తీర్చిదిద్దుతాయి. నేను ఒక్కదాన్నే దారికి అడ్డంగా నిలబడతాను. నక్షత్రపు వెలుతురంతా సూదిమొనలా సన్నబడి వచ్చి నా మీద పడుతుంది. పడినది పడినట్టే ఆగిపోతుంది. దీపం వెనక గోడ మీద పాకుతున్న చిన్న పురుగును చూడాలంటే మీరేం చేస్తారు? దీపానికి అరచేయి అడ్డం పెడతారు. ఆ అరచేయిని నేను.

నేను పుట్టింది రాయలసీమలో, వాన మొహం చాటేసే కొండల నడుమ కట్టిన ఒక వేధశాలలో. మబ్బు పట్టని ఆకాశమంటే కింది పల్లెల రైతుకు దిగులు. పైన గుమ్మటంలో కూర్చున్న ఖగోళ శాస్త్రజ్ఞుడికి సంబరం. ఒకే ఆకాశాన్ని చూసి కొండ కింద నిట్టూర్చేవారు, కొండ మీద మురిసిపోయేవారు.

ఆ వేధశాలలో అద్దాల గది ఓబులేసుది. అద్దాలను అరగదీయడం, మెరుగుపెట్టడం, వాటి మీద లోహపు పూత వేయడం అతని ఉద్యోగం. గాలి పూర్తిగా తోడేసిన ఒక గాజు గంటలో క్రోమియం ముక్కను ఆవిరయ్యేదాకా కాచి, పలుచని రేకుకు పొడిచిన సన్నని బెజ్జంలోంచి ఆ ఆవిరిని గాజు మీద పడనిచ్చి నన్ను పుట్టించాడు. నాకు ముందు పుట్టినవాళ్ళు కొందరున్నారు. ఒకరి అంచు చిరిగింది, ఒకరి ఒళ్ళు పలచబడింది. వాళ్ళను ఆమ్లంలో కడిగేసి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. నన్ను మాత్రం భూతద్దం కింద చాలాసేపు తిప్పి తిప్పి చూసి, పక్కనే నిలబడిన పెద్దాయనతో అన్నాడు: "ఇది కుదిరింది సార్. చంటిబిడ్డకు పెట్టిన దిష్టిచుక్క మాదిరి ఉండాది."

"అయితే దాని పేరు అదే," అన్నారు ఆ పెద్దాయన.

ఆయన పేరు వరాహమూర్తి. గోదావరి ప్రాంతం నుంచి వచ్చిన ఆచార్యులు. ముక్కు మీద ఒక కళ్ళజోడు, నుదుటి మీద ఇంకొక కళ్ళజోడు ఉండగా మూడోదాని కోసం జేబులు తడుముకునే మనిషి. నన్ను చేయించింది ఆయనే, చాలాకాలం వాడింది ఆయనే. ఆయన చేతిలో నేను ఎన్నో నక్షత్రాలను మరుగుచేశాను. ఒక్కో నక్షత్రం వచ్చి నా మొహం మీద కూర్చునేది. నేను దాన్ని దాచేదాన్ని. నా వెనక కెమెరాలో చీకటి తప్ప ఏమీ ఉండేది కాదు. ఏమీ లేదని తెలుసుకోవడానికి మనుషులు ఇంత శ్రమ పడతారని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన దగ్గర చేరిన మొదటి విద్యార్థి ఆ చీకటిని కొన్నాళ్ళు చూసి, బెంగుళూరులో ఏదో కంపెనీలో వెలుతురు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తరువాత పూర్ణిమ వచ్చింది.

ధర్మవరంలో పట్టుమగ్గాల ఇంటి పిల్ల. పరిశోధన కోసం వచ్చిన మొదటిరోజే వరాహమూర్తి గారు ఆమె పేరు విని తల పట్టుకున్నారు.

"పున్నమి వస్తే మేము దుకాణం కట్టేస్తామమ్మా. వెన్నెల ఉంటే మాకు పనే ఉండదు. నువ్వేమో పేరే పూర్ణిమ పెట్టుకుని వచ్చావు."

"అమావాస్య అని పెట్టమన్నా సార్. మా నాయన ఒప్పుకోలేదు."

ఆయన నవ్వారు. ఆ నవ్వుతోనే నేను ఆయన చేతిలోంచి ఆమె చేతిలోకి మారాను.

ఆమె ముసలి నక్షత్రాలను వద్దంది. తనకు పసి నక్షత్రం కావాలంది. వెతికి వెతికి ఒకదాన్ని ఎంచుకుంది. దానికి పేరు లేదు, పట్టికలో ఒక పొడవాటి అంకె మాత్రమే ఉంది. వయసు రెండు కోట్ల ఏళ్ళు. మీరు నోరు తెరవకండి. మన సూర్యుడి ముందు అది పురిటిమంచం దిగని బిడ్డ. అందుకే ఆమె దాన్ని 'పాప' అంది. పాపకు దిష్టిచుక్క కుదిరిందని ఓబులేసు సంబరపడ్డాడు.

పసి నక్షత్రమే ఎందుకో నేను వాళ్ళ మాటల్లో విన్నాను. ఒక మధ్యాహ్నం నన్ను బల్ల మీద పెట్టుకుని ఇద్దరూ టీ తాగుతున్నారు.

"ధూళిని చూసేదానికా ఇంత పెద్ద యంత్రం, మా?" అన్నాడు ఓబులేసు. "మా ఇంటికి రా. పరక పెట్టి ఊడ్చకుండా ఎంత కసువు పడుండాదో చూపిస్తా."

"మీ ఇంటి కసువు చూస్తే మీ ఇంట్లో ఎవరెవరున్నారో చెప్తా అన్నా."

"అదెట్లా?"

"పెన్సిల్ చెక్కిన పొట్టు ఉంటే బడికి పోయే పిల్లలున్నట్టు. తమలపాకు తొడిమలుంటే పెద్దామె ఉన్నట్టు. తలుపు తట్టాల్సిన పనే లేదు."

ఓబులేసు టీ గ్లాసు కింద పెట్టాడు. "తొడిమలు మా అమ్మవే," అన్నాడు.

ఆమె చెప్పినదాన్ని నాకు తెలిసిన భాషలో చెబుతాను. నక్షత్రం పుట్టినప్పుడు దాని చుట్టూ గ్రహాలు పేరుకుంటాయి. పేరుకోగా మిగిలిన రాళ్ళు ఒకదానితో ఒకటి ఢీకొని పిండి అవుతాయి. ఆ పిండి ఎక్కువకాలం నిలవదు; నక్షత్రపు వెలుతురే దాన్ని ఊదేస్తుంది, లేదా మెల్లగా లోపలికి లాక్కుని మింగేస్తుంది. అయినా ఒక నక్షత్రం చుట్టూ ధూళి వలయంలా తిరుగుతూ ఉంటే, అక్కడ రాళ్ళు ఇంకా నలుగుతున్నాయన్నమాట. ఆ వలయం లోపలి అంచు కత్తితో కోసినట్టు ఉంటే, లోపల ఎవరో ఊడుస్తున్నారన్నమాట. వలయం ఒక పక్కకు జరిగి ఉంటే, ఎవరో లాగుతున్నారన్నమాట. ఆ ఊడ్చేవాళ్ళు, లాగేవాళ్ళు గ్రహాలు. వాళ్ళు కనబడరు. ధూళి కనబడుతుంది, అది కూడా నక్షత్రాన్ని నేను దాచినప్పుడే.

అన్నట్టు, ఆ ధూళిని నేను ఎన్నడూ చూడలేదు. నక్షత్రం నా ఎదుటి మొహాన్ని వెలిగిస్తుంది. దాని చుట్టూ ఉన్న మసక వెలుతురు నా పక్కలనుంచి గాజులోంచి వెళ్ళిపోతుంది. వెనక కెమెరాలో బొమ్మ పడుతుంది. అందరికీ కనిపించేది నాకు కనిపించదు. వాళ్ళ గొంతులు మారినదాన్నిబట్టి అక్కడ ఏముందో ఊహించుకోవడమే నా చదువు.

పూర్ణిమ ముందున్న చిక్కు ఇది. ఆమెకిచ్చే పరిశోధక వేతనం ఆ వచ్చే వేసవితో ఆగిపోతుంది. అప్పటికి సిద్ధాంత గ్రంథం పూర్తికావాలి. అందులో ధూళి గురించి కావలసినంత ఉంది. గ్రహం మాత్రం లేదు. గ్రహం దొరికితే అది గ్రంథం. దొరకకపోతే అది ధూళి గురించిన ధూళి.

ఇంతలో దసరా వచ్చింది.

ఆయుధపూజ నాడు ఆ కొండ మీద పని చేసే ప్రతి వస్తువుకూ బొట్టు పడాలి. సానపట్టే యంత్రానికి, జీపుకు, జనరేటరుకు, కంప్యూటర్లకు, గుమ్మటం తిప్పే మోటారుకు అన్నిటికీ పసుపు కుంకుమలు, పూలు, నిమ్మకాయలు. కెమెరా పెట్టె వంతు వచ్చింది. ఓబులేసు మూత తీశాడు.

"మూత ఎందుకన్నా?" అంది పూర్ణిమ గుగ్గిళ్ళు నములుతూ.

"అమ్మవారి ముందర ముసుగేసి కూర్చోబెడతామా మా? ఒక్క గడియ మొహం చూపించనీ."

అతను అజాగ్రత్త మనిషి కాడు. గాజు జోలికి రాలేదు. గాజును పట్టి ఉంచిన ఇత్తడి కట్టు మీద మాత్రం ఉంగరపు వేలితో చిన్న బొట్టు పెట్టాడు. కళ్ళకద్దుకున్నాడు. ఆ వేలి కొసనుంచి ఒక రేణువు జారింది. నాకంటే ఎంతో చిన్నది, ఎర్రటిది. అది గాలిలో కొంచెం తేలి, నాకు కాస్త పక్కగా, గాజు మీద వాలి కూర్చుంది. మూత పడింది. హారతి పళ్ళెం జనరేటరు వైపు వెళ్ళిపోయింది.

అక్కడ ఉన్నవాళ్ళందరిలో చూసింది నేను ఒక్కదాన్నే. నోరు లేనిదాన్ని నేను ఒక్కదాన్నే.

పండగ తరువాత ఆకాశం తేటపడింది. శీతాకాలం వచ్చింది. పాప పొద్దు కుంకగానే మంచి ఎత్తున కనబడసాగింది. పూర్ణిమ దాన్ని తెచ్చి నా మీద కూర్చోబెట్టింది. చాలాసేపు వెలుతురు పోగుచేసిన తరువాత బొమ్మ తెర మీదికి వచ్చింది. కొంతసేపటికి కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. ఆమె వరాహమూర్తి గారికి ఫోను చేసి, "సార్, ఒకసారి రండి," అంది. అంతే అంది. ఆ గొంతు విని ఆయన చెప్పులు మరిచి వచ్చారు.

వలయం ఉంది. మనం కాస్త పక్కనుంచి చూస్తున్నాం కాబట్టి కోడిగుడ్డులా సాగి ఉంది. లోపలి అంచు స్పష్టంగా ఉంది. అంతకంటే వింత ఏమిటంటే, వలయంలో ఒకచోట ధూళి లేదు. చేతి గాజులో ఒక ముక్క విరిగిపోయినట్టు, అక్కడ నల్లని ఖాళీ ఉంది.

వరాహమూర్తి గారు ముక్కు మీది కళ్ళజోడు తీసి, నుదుటి మీదిది దించుకుని చూశారు. "ఆ ఖాళీలో కూర్చుందమ్మా నీ గ్రహం," అన్నారు. "తన చుట్టూ చోటు చేసుకుని తిరుగుతోంది."

పూర్ణిమ చేయి వచ్చి నా పెట్టె మీద ఆనింది.

ఆ తరువాత పనులు పరుగెత్తాయి. వ్యాసం రాశారు. దక్షిణ అమెరికాలోని ఎడారి కొండ మీద ఒక మహా దూరదర్శిని ఉంది. దాని చూపు చాలా దూరం పోతుంది కాని సూదిబెజ్జమంత సన్నం. ఎక్కడ చూడాలో ముందే చెప్పాలి. వరాహమూర్తి గారు ఖాళీ ఉన్న చోటును కొలిచి, అక్కడే చూడమని అడిగారు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఒక్కసారి, ఒక్కచోట.

ఈ సంబరంలో నా మీదొక నింద కూడా పడింది. వలయం నడిమి భాగం నా నడిమి భాగంతో కలవలేదు. వలయం ఒక పక్కకు కొంచెం జరిగి ఉంది.

"ఓబులేసు మచ్చ సరిగ్గా గుండ్రంగా లేదు," అన్నారు వరాహమూర్తి గారు. "ఒక పక్కకు వాలి ఉంటుంది. దానితో నక్షత్రం కూడా దాని వెనక పక్కకు కూర్చుంటోంది. ఆ మేరకు దిద్దుబాటు చేసి రాయి."

నేను గుండ్రంగా లేనా? ఎవరూ తమ మొహాన్ని తాము చూసుకోలేరు కదా. ఓబులేసు భూతద్దం కింద తిప్పి తిప్పి చూసినప్పుడు నేను గుండ్రంగానే ఉన్నానని నమ్మాను. ఇప్పుడు ఆ నమ్మకం మసకబారింది. ఒక ఆకాశమంత వలయాన్ని వంకరగా చూపించానేమోనని పెట్టెలో కుమిలిపోయాను.

పూర్ణిమ దిద్దుబాటు చేసింది. చేసిన తరువాత కూడా దిద్దకముందు వేసిన గీతలనే చూస్తూ కూర్చునేది. ఒకనాటి పగలు వరాహమూర్తి గారు గదిలోకి రాగానే అడిగింది.

"సార్, దిద్దకుండా వదిలేస్తే ఏమవుతుంది?"

"నీ వలయం వంకరగా ఉంటుంది."

"వంకరగానే ఉందేమో సార్."

ఆయన కుర్చీ లాక్కున్నారు. "అంటే?"

"వలయంలో కూర్చున్న చిన్న గ్రహం మొత్తం వలయాన్ని ఇంత పక్కకు లాగలేదు. లాగేది లోపల ఉండాలి. పెద్దదై ఉండాలి. దాని దారి కోలగా ఉండాలి. ఈ వంకర నిజమైతే మనం చెప్పే కథ ఇది కాదు సార్."

"వంకర మచ్చది అని చెప్పాను కదమ్మా."

"అది తేల్చుకోవచ్చు సార్. అద్దాన్ని సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగిద్దాం. తప్పు మచ్చదైతే వంకర కూడా మచ్చతో పాటు అవతలికి తిరుగుతుంది. పాపదైతే కదలదు."

"ఆ అద్దాన్ని కుదిర్చి బిగించడానికి ఎంత అవస్థ పడ్డామో నీకు తెలియదు. ఒకసారి కదిపితే మళ్ళీ అలా కుదురుతుందో లేదో. నీ పాప ఇంకొన్నాళ్ళలో పడమటి వెలుగులో మునిగిపోతుంది. నీ గడువు వేసవితో సరి. చేతిలో ఉన్నదాన్ని ఎందుకు కెలుక్కుంటావు?"

"వాళ్ళు ఎక్కడ చూడాలో చెప్పాలి కదా సార్."

"చెప్పాం కదా."

"మీరు చెప్పారు సార్."

ఆ మాట మెత్తగానే వచ్చింది. ఆయన లేచారు. "సరే. మంచైనా చెడైనా గ్రంథం మీద ఉండేది నీ పేరు. ఓబులేసును అడుగు. అతను ఒప్పుకుంటే చెయ్యి."

ఓబులేసుకు కోపం వచ్చింది. "నా మచ్చ వంకరంటావా మా? కొలిచినా నేను. గుండ్రంగా ఉండాది."

"నేననలేదన్నా. సార్ అన్నారు."

"సారు అంటే నువ్వు రాసినావు."

ఆమె తల వంచుకుంది. "రాసినా. అందుకే తిప్పమంటున్నా. నువ్వు చెప్పింది నిజమైతే నేను రాసిందే తప్పు."

ఓబులేసు చాలాసేపు మరమేకు తిప్పే పనిముట్టును వేళ్ళ మధ్య ఆడించాడు. "తిప్పుదాం లే," అన్నాడు. "నా మచ్చ మీద మాట పడినాక ఊరకుంటానా."

అలా నన్ను కదిలించారు. ఇత్తడి కట్టు సడలింది. ప్రపంచం నా చుట్టూ సగం తిరిగి ఆగింది. కుంకుమ రేణువు కూడా నాతో పాటే తిరిగింది, తాను కూర్చున్న చోటు కదలకుండా. మళ్ళీ బిగించడానికి ఓబులేసు పడిన పాటు చూసి నాకు జాలి వేసింది. బిగించడం, పరీక్షించడం, తల అడ్డంగా ఊపడం, మళ్ళీ సడలించడం. పడమటి వైపు ఆకాశంలో పాప రోజురోజుకూ కిందికి దిగిపోతోంది. ఇంక కొన్ని సాయంత్రాలు మాత్రమే మిగిలాయనగా కుదిరింది.

ఆ సాయంత్రం ఎరుపు ఇంకా పూర్తిగా చల్లారకముందే గుమ్మటం తెరిచారు. పాప నా మీదికి వచ్చింది. కొండల మీదికి వాలిపోతున్న నక్షత్రాన్ని ఎంతసేపు పట్టుకోగలిగితే అంతసేపు పట్టుకున్నారు. బొమ్మ తెర మీదికి వచ్చింది.

నేను గొంతుల కోసం ఎదురుచూశాను. గొంతులు రాలేదు.

"ఏమైంది మా?" అన్నాడు ఓబులేసు.

"ఖాళీ అక్కడ లేదన్నా."

"మరి?"

"అవతలి పక్కకు పోయింది. సరిగ్గా ఎదురుగా." ఆమె మాటలు చాలా నెమ్మదిగా వస్తున్నాయి. "ఏ గ్రహమూ రెండు నెలల్లో వలయం అవతలికి దూకదు. అది ఆకాశంలో లేదు. మన అద్దంలో ఉంది."

ఓబులేసు తెర దగ్గరికి వంగాడు.

"నా గ్రహం పోయిందన్నా," అంది పూర్ణిమ.

ఆమె వంకరను సరిచూడడానికని నన్ను తిప్పింది. ఖాళీ మీద ఎవరికీ అనుమానం లేదు. ఎవరూ అనుమానించనిది చేయి జారిపోయింది. గ్రంథంలో ఆ ఒక్క అధ్యాయమే గ్రహమున్న అధ్యాయం. ఆమె కన్నీళ్ళు పెట్టుకుందో లేదో నాకు తెలియదు. కెమెరా పెట్టెలోకి కన్నీళ్ళు వినపడవు. కొంతసేపటికి మీటలు నొక్కిన చప్పుడు మాత్రం వినపడింది. ఆమె కొలుస్తోంది. ఒకసారి కొలిచింది. మళ్ళీ కొలిచింది. పాత బొమ్మను పక్కన పెట్టి మరోసారి కొలిచింది.

"అన్నా."

"చెప్పు మా."

"వంకర కదలలేదు. ఎక్కడున్నది అక్కడే ఉంది."

"అంటే నా మచ్చ..."

"నీ మచ్చ గుండ్రంగా ఉంది."

నేను పుట్టిననాటి నుంచి నాకు దొరికిన మెప్పు అది ఒక్కటే. నన్ను కాకుండా నా తండ్రిని చూస్తూ అన్న మాట కాబట్టి ఇంకా బాగుంది.

మర్నాటి ఉదయం గాజును సూక్ష్మదర్శిని కింద పెట్టారు. కటకంలోంచి మొదట పూర్ణిమ చూసింది. తరువాత ఓబులేసు చూశాడు.

"ఎర్రగా ఉండాది," అన్నాడు. కొంచెం ఆగి, "కుంకుమ," అన్నాడు. తన ఉంగరపు వేలిని ఎవరిదో వేలు చూసినట్టు చూసుకున్నాడు. "ఈ చేత్తోనే పెట్టినా మా. నీ చదువు నేనే చెడగొట్టినా."

"నేనూ అక్కడే ఉన్నా కదన్నా. గుగ్గిళ్ళు తింటా చూస్తానే ఉన్నా. పండగ అయినాక గుమ్మటంలోని తెల్లతెరను ఒక బొమ్మ తీసి, అద్దం మీద మరకలున్నాయా అని చూడడం నా పని. పండగకు ముందు తీసిందే సరిపోతుందిలే అనుకున్నా."

"అయినా..."

"అమ్మవారికి మొహం చూపించినావు. తప్పేముంది? ఇంకోసారి మూత తియ్యి గాని బొట్టు మాత్రం పెట్టెకు పెట్టు."

ఓబులేసు నవ్వలేదు కాని అతని భుజాలు కొంచెం కిందికి దిగాయి. సన్నని కుంచెతో రేణువును ఎత్తి, కాగితంలో మడిచి, పారేయడానికి మనసొప్పక చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మనుషుల సంగతి నాకు అప్పుడే మరింత అర్థమైంది. ఊహకందని దూరంలోని ధూళిని వెతుకుతూ, వేలి కొసన ఉన్న ధూళిని చూసుకోలేదు. అయితే ఆ తప్పును బయటపెట్టిందీ వాళ్ళే, ఎవరూ అడగకుండానే.

వరాహమూర్తి గారు రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఆయన మొహానికి ఒక్కరోజులో వయసు మీద పడినట్టు అనిపించింది.

"వ్యాసం అచ్చుకు పోబోతోంది," అన్నారు. "ఇప్పుడు వాళ్ళకు ఏమని చెబుతాం?"

"ఖాళీ మనదని చెబుదాం సార్," అంది పూర్ణిమ. "వంకర పాపదని చెబుదాం."

ఆయన చిన్నగా నవ్వారు. "నేను దిద్దెయ్యమన్న వంకర నిజమైంది, నిజమనుకున్న ఖాళీ అబద్ధమైంది. ముప్పై ఏళ్ళ అనుభవమమ్మా నాది." వ్యాసాన్ని ఆయనే వెనక్కి తెప్పించారు. ఎడారి కొండ మీది వాళ్ళకు, అక్కడ చూడకండి, ఇంకా లోపల చూడండి అని పూర్ణిమ లెక్కకట్టిన కొత్త చోటును పంపారు.

పాప అక్కడివాళ్ళకు ఇంకొన్నాళ్ళు కనబడుతుంది. వాళ్ళు చూశారు. వేసవి నడిమధ్యన జవాబు వచ్చింది. వరాహమూర్తి గారు అద్దాల గదిలో నిలబడి చదివి వినిపించారు. ఆ చోట ఏమీ కనబడలేదట. గ్రహం ఉన్నా తమ చూపుకు అందనంత మసకగా ఉండవచ్చునట. ఇంత బరువుకు మించిన గ్రహం మాత్రం అక్కడ ఉండదని చెప్పగలరట.

"అయితే గ్రహం ల్యా?" అన్నాడు ఓబులేసు.

"లేదనలేదన్నా. ఇంతకంటే పెద్దది కాదన్నారు." పూర్ణిమ ఆ కాగితాన్ని అడిగి తీసుకుంది. గ్రహం కనబడలేదన్న కాగితాన్ని ఆమె అంత శ్రద్ధగా ఎందుకు చదివిందో అప్పుడు నాకు తెలియలేదు. కనబడకపోవడం కూడా ఒక కొలతే అని తరువాత తెలిసింది. గ్రంథంలో ఆ అధ్యాయాన్ని ఆమె ఆ కాగితంతోనే మొదలుపెట్టింది.

గడువు ఇంకో వారంలో ముగుస్తుందనగా మౌఖిక పరీక్ష జరిగింది. నన్ను కూడా బల్ల మీద పెట్టారు, సాక్షిలా. వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు గ్రంథాన్ని చివరిదాకా తిరగేసి అన్నాడు: "కనబడిన గ్రహాన్ని మీరే కొట్టేశారు. కనబడని గ్రహం ఉందంటున్నారు. చూడనిదాన్ని ఎలా నమ్మమంటారు?"

పూర్ణిమ ఇంటి మాట మాట్లాడింది.

"మా ఇంట్లో మగ్గం ఉంది సార్. లోపల ఎక్కడో ఒక పోగు బిగిసిందంటే ఆ పోగు కనబడదు. జరీ అంచు పక్కకు జరుగుతుంది. మా అమ్మ అంచును చూసి, చేయి లోపలికి పెట్టి వెతుకుతుంది. ఒక్కోసారి దొరకదు. దొరకలేదని అంచు తిన్నగా ఉందని అనదు సార్. మళ్ళీ వెతుకుతుంది."

"దొరికిందా ఎప్పుడైనా?"

"ఎక్కువసార్లు దొరుకుతుంది సార్. దొరకని చీరలు కూడా ఉన్నాయి."

ఆయన పెన్ను మూత పెట్టేశాడు. ఆ సాయంత్రం ఓబులేసు కింది ఊరికి దిగి మైసూరుపాకు తెచ్చాడు. వరాహమూర్తి గారు షుగరున్నా రెండు తిన్నారు.

ఆ తరువాత వేధశాలకు కొత్త కెమెరా వచ్చింది. దానితో పాటు నాకంటే నునుపైన, నాకంటే తెలివైన మచ్చ ఒకటి వచ్చింది. నన్ను గాజు బీరువాలో, సందర్శకుల గదిలో, ఒక ఉల్కరాయికీ ఒక పాత గడియారానికీ నడుమ పెట్టారు. నా ముందు ఆఫీసు వాళ్ళు అట్టముక్క ఒకటి నిలబెట్టారు: 'గ్రహాన్ని కనిపెట్టిన అద్దం.' వచ్చినవాళ్ళు ఆ అట్టను చదివేవారు, తల ఊపేవారు, ఉల్కరాయి దగ్గరికి వెళ్ళిపోయేవారు. నేను కనిపెట్టనిదాన్ని కనిపెట్టినట్టు ఏళ్ళ తరబడి గౌరవం పొందాను. మనుషుల మధ్య ఇది అరుదైన సంగతేమీ కాదని విన్నాను.

పూర్ణిమ ఇప్పుడు తిరుపతిలో పాఠాలు చెబుతోంది. కిందటి శీతాకాలంలో పాపను కొత్త కెమెరాతో చూడడానికి వచ్చింది. బీరువా ముందు ఆగి అట్టను చదివింది. పక్కనే ఓబులేసు ఉన్నాడు. ఉద్యోగ విరమణ అయ్యాక సందర్శకులకు గది చూపించే పని అతనికిచ్చారు.

"ఇది ఎవరు రాసినారన్నా?"

"ఆఫీసోళ్ళు. బాగుండాది కదా."

"కనిపెట్టలేదు కదా."

"ఎట్లా రాయమంటావు మా మరి? కనిపెట్టలేదని రాస్తే ఎవురు చూస్తారు?"

"చూడకపోతే పోనీ అన్నా."

ఆమె సంచిలోంచి పెన్ను తీసింది. అట్టను తిరగేసి, వెనక వైపు ఒక్క వాక్యం రాసి, మళ్ళీ నా ముందు నిలబెట్టింది. 'ఈ అద్దంతో వెతికిన గ్రహం ఇంతవరకూ కనబడలేదు.' ఓబులేసు చదివి పెదవి విరిచాడు గాని మార్చలేదు.

ఇప్పుడు వచ్చినవాళ్ళు ఉల్కరాయి దగ్గరికి వెళ్ళడం లేదు. నా ముందు ఆగుతున్నారు. అట్టను రెండోసారి చదువుతున్నారు. గాజుకు ముక్కు ఆనించి, కళ్ళు చిన్నవి చేసుకుని, నన్ను వెతుకుతున్నారు. ఆపైన ఎవరో ఒకరు వెనక్కి తిరిగి అడుగుతున్నారు: "కనబడకపోతే, ఉందని ఎట్లా తెలుసు?"

ఓబులేసు ఒక కుర్చీ తాను లాక్కుని, ఇంకొకటి అడిగినవాళ్ళ వైపు జరుపుతున్నాడు.